యంత్రఘోషయు బీభత్సరసమును

బీభత్సము కావ్యమున ప్రధానరసము కాగలదా యను ప్రశ్న మన యాలంకారికులకు క్రొత్తది కాదు. శృంగారమో వీరమో అంగియై నిలువగా, బీభత్సము దాని కంగమై యొకటి రెండు ఘట్టములలో మెఱసి మాయుట మన నాటకములలోని వాడుక. మాలతీమాధవమున నైదవ యంకములోని శ్మశానమును భవభూతి యెంత భయంకరముగ వర్ణించినను, మాధవు డచ్చటికి పోయినది ప్రేమచేతనే. పిశాచములు శవములను పీకి తినుచున్నను ప్రేక్షకుని మనస్సు మాలతి కడనే యుండును. అట్లుగాక, ఆద్యంతమును జుగుప్సయే స్థాయిగా నిలిపి, వినువాని నటునిటు మరలనీయక, ఇదియే మా కళ యని చెప్పినవారు గలరా? గలరు. 1975వ సంవత్సరము మొదలుకొని ఇంగ్లండులోను, పిమ్మట జర్మనీ, ఆస్ట్రేలియా, కెనడా మొదలగు దేశములలోను పెరిగి 'ఇండస్ట్రియల్' సంగీతమని పేరువడిన విద్యుద్యంత్రసంగీత మట్టిది. దీనిని మేము యంత్రఘోష యని వ్యవహరింతుము.

ఇట్టిదానిని గూర్చి గృహస్థులు చదువుకొను నీ పత్రికలో ప్రసంగింపనేల యని కొందఱు అడుగవచ్చును. ఇది యిదివఱకే మన యిండ్లలో ప్రవేశించియున్నదనుట మా సమాధానము. కళాశాలలో చదువు బాలురును బాలికలును చెవులకు తగిలించుకొను యంత్రములలో దీనిని వినుచున్నారు. ఒకప్పుడు కొలదిపాటి ప్రతులుగ వెలువడిన యా రికార్డులను పెద్దవెల లిచ్చి కొని దాచుకొనువారును లోకమున పలువురున్నారు. వినకయే దయ్యముల గోల యని త్రోసివేయు తండ్రియు, విన్నదెల్ల గొప్పదే యని తలయూపు కుమారుడును మాకు సమానముగనే కనబడుచున్నారు. ఇరువురును విచారణ చేయలేదు. భోగముమేళముల దురాచారమును ఖండించుటలో మన సంస్కర్తలు న్యాయముగనే పోరాడిరి. కాని యా పోరాటపు వేగమున, ఆచారముతోపాటు నాట్యకళయే కొంతకాలము మన యిండ్లకు దూరమయ్యెను. వస్తువును, దాని దుర్వినియోగమును వేఱుచేసి చూచుట యెంత కష్టమో యా చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కఱలేదు. యంత్రఘోష విషయమున నీ వివేచనము మఱింత కష్టము. ఏలయన నిందు వస్తువే దుర్వినియోగమువలె కనబడును.

చప్పుడును సంగీతములో చేర్చుకొనవలెనను వాదము పాతదే. ఇటలీదేశపు చిత్రకారుడు లుయీజీ రుస్సోలో 1913లో చప్పుళ్ళ కళను గూర్చి యొక ప్రకటన వ్రాసి, గుఱ్ఱుమనునవి, ఈలవేయునవి, పగిలినట్లు మ్రోగునవి యైన శబ్దముల నిచ్చు పెట్టెలను నిర్మించి, 1914లో మిలానులోను లండనులోను కచ్చేరీలు చేసెను. అతని మిత్రులైన ఫ్యూచరిస్టులు యంత్రమును, వేగమును, తుదకు యుద్ధమును గూడ స్తుతించినవారు. రుస్సోలో యుద్ధమునకు పోయి 1917లో తలకు తీవ్రమైన గాయముతో తిరిగివచ్చెను. యంత్రమును పొగడిన యా తరమునకును, మేము చెప్పబోవు తరమునకును గల భేద మిచ్చటనే తెలియుచున్నది. 1970ల ఇంగ్లండులో యంత్రము పొగడదగిన క్రొత్తవస్తువు కాదు. అది మూతబడుచున్న కర్మాగారము, పని పోయిన తండ్రి, పొగపట్టిన ఇటుకగోడ.

లండనునగరపు హాక్నీభాగమున, మార్టెల్లో వీథిలోని యొక పాత కర్మాగారపు నేలమాళిగలో, జెనెసిస్ పీ-ఓరిడ్జ్, కోజీ ఫాన్నీ టుట్టీ, పీటర్ క్రిస్టోఫర్సన్, క్రిస్ కార్టర్ అను నలుగురు కూడి 1975లో థ్రాబింగ్ గ్రిజిల్ అను బృందము నేర్పఱచిరి. వీరిలో కార్టరు విద్యుత్పరికరముల పని తెలిసినవాడు. సింథసైజర్లను, శబ్దమును తఱిగి వికృతము చేయు చిన్నపెట్టెలను స్వహస్తములతో కట్టినాడు. తక్కినవారు వాద్యపాండిత్యమును కోరినవారు కారు. తమ స్థలమునకు మృత్యుకర్మాగారమని పేరిడుకొనిరి. 1976లో తాము స్థాపించుకొన్న రికార్డుల సంస్థకు ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని నామకరణము చేసిరి. ఈ సంగీతజాతి కంతటికిని పేరు అచ్చటినుండియే వచ్చెను. ఆ పేరులో పరిహాసమున్నది. పాటలను గూడ సబ్బుబిళ్ళలవలె తయారుచేసి యమ్ము వ్యాపారమును పరిశ్రమ యనుచున్నారు గదా, అట్లయిన మేమును పరిశ్రమయే యని వారి భావము. అందుచేతనే 1977లో వెలువడిన వారి మొదటి రికార్డునకు 'సెకండ్ ఆన్యువల్ రిపోర్ట్', అనగా రెండవ వార్షిక నివేదిక, యని పేరు. తెల్లని అట్ట, దానిపై నంటించిన యొక చీటి; అంతకు మించి యలంకారము లేదు. మొదట ముద్రించిన ప్రతులు 785.

ఆ రికార్డు నొకమాఱు విన్నవాడు రెండవమాఱు వినుటకు వెంటనే యిష్టపడడు. ఒక ప్రక్కన రెండు పాటలే వేర్వేరు ప్రదర్శనములనుండి మరల మరల వచ్చును. శబ్దము బురదనీటివలె మసకగ నుండును. రెండవ ప్రక్కన ఒక చలనచిత్రమునకై కూర్చిన యిరువది నిమిషముల నిశ్శబ్దప్రాయమైన ధ్వని గలదు. భరతుడు బీభత్సమును విభజించుచు, కృములు మొదలగువానిచే పుట్టునది ఉద్వేగి యనియు, రక్తాదులచే పుట్టునది క్షోభజమనియు చెప్పెను. దశరూపకమున ధనంజయుడు చెప్పిన మూడవవిధము శుద్ధము. చూచుటకు రమ్యమైన దానియందే వైరాగ్యముచే కలుగు రోత యది. ఇక నీ రికార్డులోని పాటలలో నొకదాని పేరే పురుగుల చావు. ఉద్వేగికి ఇంతకంటె నక్షరార్థమైన లక్ష్యము మాకు కనబడదు. మా యభిప్రాయమున నీ రికార్డు ఉద్వేగిని దాటి పోలేదు. చరిత్రదృష్టితో దీనికి గొప్పస్థానము గలదు, రసదృష్టితో తక్కువ స్థానమే. దీని మొదటి ముద్రణమునకై పెద్దవెల యిచ్చువారు చరిత్రకే వెల యిచ్చుచున్నారని తెలిసికొని యీయవలెను.

అయినను మన చెవి కిందొక సౌలభ్యమున్నది. ఒకే ధ్వని కదలక మెదలక సాగుచుండుట విసుగని పాశ్చాత్యశ్రోతలు మొఱపెట్టుదురు. తంబురా శ్రుతిలో గంటలకొలది కూర్చుండుట మనకు చిన్ననాటినుండియు నలవాటు. నిలుకడగల ధ్వని మనలను విసిగింపదు, సిద్ధపఱచును. అయితే మన కచ్చేరీలో శ్రుతి దేనికొఱకు వేచియుండునో అది వచ్చును. గాయకుడు షడ్జము నందుకొనును. యంత్రఘోషలో శ్రుతి యున్నది, స్వరము రాదు. ఇప్పుడు వచ్చును, ఇప్పుడు వచ్చునని చెవి వేచివేచి, రాదని తెలిసికొన్న క్షణమున కలుగు బెదరే యీ సంగీతపు మూలధనము. రాగాలాపనకు అలవడిన శ్రోత కా లోపము పాశ్చాత్యునికంటె నెక్కువగ తగులునని మా యనుభవము.

1978 చివర వచ్చిన 'డి.ఓ.ఎ.' యను రికార్డులో 'హాంబర్గర్ లేడీ' యను పాట గలదు. దీనిని గూర్చి కొంచెము నిదానముగ విచారింపవలెను. అల్ ఆకర్మన్ అను నమెరికా రచయిత వ్రాసిన యొక లేఖ దీనికి మూలము. దేహము ఘోరముగ కాలియు ప్రాణము పోక ఆసుపత్రిలో పడియున్న యొక స్త్రీని, ఆమెకు పరిచర్య చేయువారి యవస్థను ఆ లేఖ వర్ణించినది. పాటయని పేరే కాని పాడుట లేదు. రోగిప్రక్కన నుండు యంత్రము కొట్టుకొన్నట్లు మందమైన దెబ్బ యొకటి; దానిపై దూరమున నూదుచున్న కొమ్మువలె లేచి వ్రాలు మూలుగు; నీళ్ళలోనుండి మాటలాడినట్లు చెడిపోయిన మనుష్యకంఠము. మాటలు సగము వినబడవు. వినబడకపోవుటచేత చెవి యొగ్గుదుము. వినబడిన పిమ్మట ఏల యొగ్గితిమా యని సిగ్గుపడుదుము. ఈ సిగ్గును పుట్టించుటయే యా పాటలోని పని.

ఇది దయయా, వేడుకయా? పేరు క్రూరమైన పరిహాసము. ఒక మనిషిని మాంసపు వంటకముతో పోల్చినది. ఆ స్త్రీకి సొంతపేరు లేదు, ఆమె గొంతు లేదు. ఉన్నది ఆమెను చూచి వ్రాసినవాని లేఖ, దానిని చదువుచున్న వేఱొకని గొంతు. ఇంతవఱకు ప్రతివాదుల యాక్షేపణ మాకును సమ్మతమే. కాని మన దేశపు గృహస్థు ఈ పాటను వినునపుడు ఇంకొకటి స్ఫురింపక మానదు. కాలిన గాయములతో ఆసుపత్రిలో చేరిన కోడలి కథ మనలో నెవరెఱుగనిది? వరకట్ననిషేధచట్టము 1961లోనే వచ్చెను. వరకట్నమరణమును ప్రత్యేకమైన నేరముగ శిక్షాస్మృతిలో చేర్చినది 1986లో. ఈ రెండు తేదీల నడుమను, వాని పిమ్మటను, దినపత్రికలో నాలుగు పంక్తులు, స్టవ్వు ప్రమాదమను నొక మాట, లోపలి పుటలో నొక మూల. చదివి పుట త్రిప్పువారమే మనమందఱము. ఈ పాట నాలుగు నిమిషములకు పైగా పుట త్రిప్పనీయదు. కరుణను పిలువక, ఏడ్వుడని చెప్పక, కాలిన దేహము ప్రక్కన నిలువబెట్టి తలుపు మూయును. బీభత్స మిచ్చట క్షోభజమై, కరుణకు అంగమగుచున్నది. అయితే ఆ కరుణ పాటలో లేదు, వినువాడు తెచ్చుకొనవలెను. తెచ్చుకొనలేనివానికి ఇది వట్టి రోత. కావున నీ పాట మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు వినువానిని బట్టియే సమాధానము చెప్పవలసియున్నది. పేరుకు పట్టిన మచ్చ మాత్రము పోదు.

అదే రికార్డులో 'హోమ్‌టైమ్' అను చిన్నరచన కోజీ టుట్టీది. ఆడుకొనుచున్న పిల్లల మాటలు, వానివెనుక మెల్లని గిటారు, అంతే. దీనిని గూర్చి వ్రాయువారు తక్కువ. ఘోషయంతయు విన్న చెవికి ఈ పిల్లలమాటలు గూడ సురక్షితముగ వినబడవు. ఏదో రానున్నదని తోచును. ఏదియు రాదు. స్త్రీ యొకతె యిల్లును, బిడ్డలను తలచినపుడు ఇట్లు తలచినదని గ్రహించిన సహృదయులకు మాత్రమే దాని విలువ తెలియును.

మేము ఉత్తమమని యెంచునది 1979 నాటి '20 జాజ్ ఫంక్ గ్రేట్స్' అను రికార్డు. ఇందు ఇరువది పాటలు లేవు. జాజ్ సంగీతమును లేదనియే చెప్పవచ్చును. అట్టమీద నలుగురును పూలు పూచిన పచ్చికలో, నీలాకాశముక్రింద, ఇంటిల్లిపాది కొనదగిన సంగీతము నమ్మువారివలె చిఱునవ్వుతో నిలిచియున్నారు. ఆ స్థలము బీచీ హెడ్ అను సముద్రపుగట్టు. ఆత్మహత్యలకు పేరుపడిన కొండచఱియ. లోపలి సంగీతమును అట్టవంటిదే. 'హాట్ ఆన్ ది హీల్స్ ఆఫ్ లవ్' అను పాటలో కోజీ గుసగుసలు, మెఱుగుపెట్టినట్టి యంత్రతాళము, తీయని చిన్నపలుకు; ఏ విందులో మ్రోగించినను ఎవ్వరును తల యెత్తిచూడరు. తరువాత 'పర్సుయేషన్', అనగా ఒప్పించుట, అను పాట. మందమైన రెండు మెట్ల ధ్వనిపై నొక పురుషుడు స్త్రీని మెల్లమెల్లగ లొంగదీయు మాటలు. అఱపు లేదు, రక్తము లేదు. ప్రకటనలు, ఉపన్యాసములు, ప్రణయవాక్యములు, అన్నియు నొకే యంత్రముచేత తయారగుచున్నవని యీ రికార్డు వినినవానికి తోచును. రమ్యమైనదానియందు పుట్టిన రోత గనుక నిది శుద్ధబీభత్సము. పురుగుల పేరు చెప్పి వెఱపించు పనిలేకయే అంతకు పదింతలు కలవరపెట్టుచున్నది.

ఈ పాటను గూర్చి యింకొక మాట. కోజీ టుట్టీ 2017లో ప్రకటించిన తన యాత్మకథలో, పీ-ఓరిడ్జ్‌తో గడిపిన కాలమున తాను పడిన నిర్బంధమును, హింసను వివరించెను. పీ-ఓరిడ్జ్ ఆ మాటలను నిరాకరించి, 2020లో మరణించిరి. తీర్పు చెప్పుట మా పని కాదు. కాని కట్టుబాట్లన్నిటిని త్రెంచితిమని చాటిన బృందములోని స్త్రీ, తన కథను తాను అచ్చువేయుటకు నలువదియేండ్లకు చేరువైన కాలము పట్టెను. స్త్రీస్వాతంత్ర్యమును కోరు మన చదువరులకిది చిన్నవిషయము కాదు. ఆ గ్రంథమునకు పూర్వము 'పర్సుయేషన్' వినినవారికిని, తరువాత వినువారికిని అదొకే పాట కాదు. సేకరించువారు అట్టలను జాగ్రత్తపెట్టినంత శ్రద్ధతో నా గ్రంథమును గూడ ప్రక్కన నుంచుకొనవలెనని మా కోరిక.

ఈ బృందమునందు మే మంగీకరింపజాలనిది యొకటి యున్నది. తమ సంస్థకు ముద్రగ వారుంచుకొన్న మసకబొమ్మ ఆష్విట్జ్ మరణశిబిరపు ఛాయాచిత్రము. మనుష్యులను చంపుటను గూడ కర్మాగారపు పనిగ మార్చిన చోటు గనుక, పరిశ్రమకు పరాకాష్ఠ యని దానిని చూపితిమని సమర్థన చెప్పవచ్చును. కాని బొమ్మ నెఱుగనివాడు దానిని ఏదో పొగగొట్టమనుకొని పోవును; వానికి దుఃఖము కలుగదు. ఎఱిగినవాడు తా నొక రహస్యమెఱుగుదునని లోలోపల సంతోషించును. వానికిని దుఃఖము కలుగదు. ఎవ్వరికిని దుఃఖము కలిగింపని విధముగ నా స్థలమును వాడుకొనుట, చచ్చినవారిని రెండవమాఱు పనిలోనికి దింపుటయే. పిమ్మట వచ్చిన బృందములలో కొన్ని యిట్టి గుర్తులను, పేర్లను ఏ వాదమును లేకయే భుజముమీదను రికార్డుమీదను తగిలించుకొన్నవి. వాని పేర్లు వ్రాసి వెదకువారికి సాయపడము.

ఇక షెఫీల్డు. ఇది యుక్కునగరము. అచ్చట 1973లో రిచర్డ్ కర్క్, స్టీఫెన్ మాలిండర్, క్రిస్ వాట్సన్ అను మువ్వురు, 1916లో జ్యూరిచ్‌నగరమున వెలసిన కళాకారుల సభ పేరు పెట్టుకొని, కాబరే వోల్టేర్ అను బృందముగ నేర్పడిరి. వాట్సను టెలిఫోనుశాఖలో పని తెలిసిన యింజనీరు. వీరి 'రెడ్ మెక్కా' 1981లో వెలువడెను. ఇరానులో విప్లవము జరిగి రెండేండ్లు. అమెరికాలో టెలివిజనులో మతబోధచేసి ధనము వసూలుచేయు పాదిరీల కాలము. షెఫీల్డులో నుక్కుకార్మికుల పదుమూడువారముల సమ్మె ముగిసి యేడాది. ఈ సంగతులలో దేనిని గూర్చియు రికార్డులో ఉపన్యాసము లేదు. ఆర్గను చక్రభ్రమణము, యంత్రతాళము, పొరుగింటి గోడచాటున మాటలాడినట్లు వినబడు గొంతు. ఇది బీభత్సము కాదు, భయానకము. ఎవరో వినుచున్నారు, ఎవరో వ్రాసికొనుచున్నారను భయము. మాటలు తెలియకయే యీ భయము తెలియుట చేత, భాషరానివారికిని నిది తొలిమెట్టు కాదగినది. క్రొత్తగ విననారంభించు వారికి మేము దీనినే చెప్పుదుము.

పశ్చిమబెర్లినున 1980 ఏప్రిలు 1వ తేదీన పుట్టిన ఐన్‌స్ట్యూర్త్సెండె నోయ్‌బౌటెన్ అను బృందపు పేరునకు కూలుచున్న క్రొత్తకట్టడములని యర్థము. మఱుమాసమున నా నగరపు గొప్ప సభామందిరపు కప్పు కూలిపోవుట కాకతాళీయము. వీరు విద్యుద్యంత్రములతో తృప్తినొందక, పాత ఇనుము, రేకులు, డ్రిల్లు, సుత్తి, వీనిని వాద్యములు చేసికొనిరి. 1981 నాటి 'కొల్లాప్స్' కఠోరము; సందేహము లేదు. కాని మన కమ్మరికొలిమికడ నిలిచి విన్నవారెఱుగుదురు: దాగలిమీద నిరువురు వంతులవారీగ సమ్మెట వేయునపుడు తాళము తప్పినచో చేయి విఱుగును. ఆ ప్రాణభయముతో కూడిన తాళజ్ఞానము వీరియందున్నది. 1984 జనవరిలో లండనులోని యొక కళామందిరమున వీరిలో కొందఱు పాల్గొన్న ప్రదర్శనమున వేదికనే త్రవ్వబోగా యాజమాన్యము మధ్యలో నాపివేసెను. ఆ కథను అభిమానులు పురాణమువలె చెప్పుకొందురు. మాకది యంత ముఖ్యముగ తోచదు. అంతకంటె 1985 నాటి 'హాల్బర్ మెన్ష్', అనగా సగము మనిషి, అను పాట గొప్పది. అందు నినుము లేదు, యంత్రము లేదు. కంఠములు మాత్రమే, మరలు తిరిగినట్లు పాడుచున్నవి. యంత్రము బయటలేదు, పాడువాని గొంతులో దూరినదని చూపుటకు ఇనుపముక్క యవసరము లేదని వారికి నాలుగేండ్లలో తెలిసెను.

ఇనుమును మ్రోగించినవారిలో మా గౌరవము నెక్కువగ పొందినవారు లండనుయొక్క న్యూ క్రాస్ ప్రాంతమువారగు టెస్ట్ డిపార్ట్‌మెంట్ బృందము. 1984 మార్చిలో బ్రిటిషు బొగ్గుసంస్థ యిరువది గనులను మూయనెంచగా గనికార్మికులు సమ్మె చేసిరి. ఏడాదిపాటు సాగి 1985 మార్చిలో నది యోటమితో ముగిసెను. ఆ దినములలో నీ బృందమువారు దక్షిణ వేల్సులోని సమ్మెకార్మికుల గాయకబృందముతో కలిసి, కార్మికుల సహాయార్థము 'షోల్డర్ టు షోల్డర్', అనగా భుజము భుజము కలిపి, అను రికార్డు చేసిరి. చర్చిలో పాడి యలవాటైన గనివారి నిండుగొంతులొకవైపు. తుక్కుఇనుమును సమ్మెటలతో కొట్టు పట్టణపు యువకులింకొకవైపు. ఈ రెండును సంగీతశాస్త్రరీత్యా పూర్తిగ కలిసినవని చెప్పము. కొన్నిచోట్ల అతుకు కనబడుచునేయున్నది. కాని రోత లేదు. ధ్వని యదే, రసము వీరము. సమ్మె యెట్లు ముగిసెనో యెఱిగి వినువారికి దానిక్రింద కరుణ. ఇనుపచప్పుడునకు బీభత్స మొక్కటే గతి యను వాదమున కీ రికార్డే ప్రత్యుత్తరము.

బీభత్సమును నమ్మినవారి చరిత్రలో నింకొక వింత జరిగెను. కెనడాలో 1982లో పుట్టిన స్కిన్నీ పపీ యను బృందము, ప్రయోగశాలలలో జంతువులను కోయుటకు వ్యతిరేకముగ 1988లో నొక రికార్డునే చేసినది. బాధపడు ప్రాణి యే ధ్వనులను వినునో అట్టివానిని మనుష్యుల చెవిలో వేయుట వారి పద్ధతి. పెక్కేండ్ల పిమ్మట, గ్వాంటానమో చెఱలో బందీలను హింసించుటకు తమ పాటలను మ్రోగించిరని వారు విని, 2014లో అమెరికా ప్రభుత్వమునకు 6,66,000 డాలర్ల బిల్లు పంపితిమని ప్రకటించిరి. ఆ సంఖ్య పరిహాసార్థము. బాధ పరిహాసము కాదు. రసికుడు తన యిష్టముచే తలుపు మూసికొని వినునపుడు రసమైనది, తలుపు బయటినుండి మూసినపుడు హింస యగుచున్నది. మన యాలంకారికులు సహృదయుని గూర్చి యంతగ చెప్పిరి కాని, నిర్బంధముగ వినిపింపబడువానిని గూర్చి చెప్పవలసిన యవసరము వారికి రాలేదు. పెద్దధ్వనితో నీ సంగీతమును ఇంట మ్రోగించి, వంటయింటిలోని తల్లికిని ప్రక్కయింటి రోగికిని బలవంతముగ వినిపించు యువకుడు ఈ సంగతిని కొంచెము తలపవలెను.

సేకరణమును గూర్చి చెప్పి ముగింతుము. తమ ప్రదర్శనములను పట్టిన 24 కాసెట్లను ఒక గుమాస్తా చేతిపెట్టెలో నమర్చి థ్రాబింగ్ గ్రిజిల్ వారు విక్రయించిరి. ఆ పెట్టె వ్యాపారులపై పరిహాసము. ఇప్పుడది వ్యాపారవస్తువై కూర్చున్నది. నర్స్ విత్ వూండ్ అను బృందము 1979లో తన మొదటి రికార్డుతో తా మభిమానించు సంగీతకారుల జాబితా నొకదానిని ముద్రించినది. అది తరువాత 291 పేర్లకు పెరిగినది. వినదగినవారిని తెలుపుటకు పుట్టిన యా జాబితా, ఒక్కొక్క పేరునకు గీత కొట్టుకొనుచు వేటాడువారి చేతిలో యాత్రికుల క్షేత్రపట్టికవలె నైనది. పుటలు కోయని గ్రంథములతో బీరువాలు నింపినవారిని మన మెఱుగుదుము. చుట్టిన కాగితము విప్పని రికార్డులవారు వారి సంతతియే. మొదటి ముద్రణము, రెండవ ముద్రణమను పట్టింపు ఇతరసంగీతమున కొంత సమంజసము కావచ్చును. వార్షికనివేదికయని తన్ను తాను పిలుచుకొన్న రికార్డునకు దేవతార్చనము చేయుట దాని మాటను వినకపోవుటయే. సెకండ్ ఆన్యువల్ రిపోర్టును నలువది యేండ్లు నిండిన 2017లో మరల ముద్రించిరి. వినుటకు ఆ ప్రతి చాలును.

కొనదలచినవారు మొదట నెక్కడనైన విని, మూడవమాఱుకూడ వినబుద్ధియైన దానినే కొనవలెను. బిడ్డలు నిద్రించు వేళ, దినమున కొక ప్రక్క మాత్రమే, వీలైన నింకొకరితో కూర్చుండి విని, పిమ్మట మాటలాడుకొనవలెను. ఒంటరిగ వినువానికి రోత పోగుపడును, కరుణ పోగుపడదు. పది రికార్డులకు మించి యే యింటికిని నక్కఱలేదని మా యూహ. వానిలో నొకటిగ, యంత్రఘోషయని యెవ్వరును పిలువని దానిని గూడ మేము చేర్చుదుము. కాబరే వోల్టేరులోని క్రిస్ వాట్సను 1981లో బృందమును విడిచి టెలివిజనులో శబ్దగ్రాహకుడై, పక్షుల, మృగముల, మంచుగడ్డల ధ్వనులను పట్టుటలో ప్రసిద్ధి గాంచెను. 2011లో నతడు 'ఎల్ ట్రెన్ ఫాంటాస్మా', అనగా మాయరైలు, అను రికార్డును ప్రకటించెను. మెక్సికోలో నొక సముద్రతీరమునుండి రెండవ సముద్రతీరమువఱకు ప్రయాణికులను చేరవేసి, పిమ్మట నాగిపోయిన ప్రభుత్వపు రైలులో నతడు పూర్వము పట్టిన చప్పుళ్ళతో కూర్చినది యది. చక్రములు, బ్రేకులు, స్టేషనులో పిలుపులు, దారిలోని కీచురాళ్ళు. షెఫీల్డున నినుమును విననేర్చిన చెవియే యిందును పనిచేసినది. మా యింట దీనిని 'రెడ్ మెక్కా' ప్రక్కన నుంచుకొన్నాము.